మా పటం పారేయమని మిమ్మల్ని ఎవరడిగారు?

పటాల దుకాణం నుంచి ఇప్పుడే వచ్చాను, ఒళ్ళు మండిపోతోంది. అద్దం పగిలింది, ఫ్రేము మార్చండి అని మా నాయనమ్మ నాటి బురాఖ్ పటం ఇస్తే, లోపలి బొమ్మనే తీసి పారేశారు! "రంగు వెలిసిపోయిందమ్మా, కొత్తది వేశాం, దానికి డబ్బులు కూడా వద్దు" అంటూ తళతళలాడే మక్కా ఫోటో చేతిలో పెట్టారు. పాతదేదని అడిగితే చెత్తబండి వెళ్ళిపోయిందట.

ఆ బొమ్మ మీలో చాలామంది చూసే ఉంటారు. గుర్రం ఒళ్ళు, ఆడమనిషి ముఖం, నెత్తిన కిరీటం, విప్పిన రెక్కలు, నెమలిపింఛం లాంటి తోక. మేరాజ్ రాత్రి, అంటే ముహమ్మద్ ప్రవక్త స్వర్గానికి వెళ్ళొచ్చారని చెప్పే రాత్రి, ఆయన్ను మోసుకెళ్ళిన వాహనం. ఆయన రూపం గీయరు కాబట్టి జీను ఖాళీగా ఉంటుంది. కింద ఒకవైపు నల్లటి కాబా, ఇంకోవైపు మదీనా ఆకుపచ్చ గుమ్మటం. మా బొమ్మకు పటం కట్టించకముందే నాయనమ్మ దిద్దిన గంధం బొట్టు కాగితంలో ఇంకిపోయి ఉండేది. అది ఏ ప్రెస్సులో అచ్చేసి ఇస్తారు?

బొమ్మలే కూడదనే ముస్లింలూ ఉన్నారు. వాళ్ళ నమ్మకాన్ని గౌరవిస్తాను. వాళ్ళెవరూ మా ఇంటికొచ్చి పటం తీసేయలేదు.

పైగా అక్కడే కూర్చున్న ఒకాయన, "హిందువుల ఇంట్లో ఇదెందుకమ్మా, లక్ష్మీదేవిని పెట్టుకోండి" అన్నాడు. నెల్లూరులో నిలబడి అనే మాటేనా ఇది? కసుమూరు దర్గాలో మస్తాన్ వలీకి మొక్కుకుని కన్న మస్తానయ్యలు, మస్తానమ్మలు మన హిందువుల ఇళ్ళలో ఎంతమంది లేరు? లక్ష్మీదేవి పటాలు అచ్చేసిన శివకాశిలోనే మక్కా మదీనా పటాలూ అచ్చయ్యాయి. అచ్చేసినవాళ్ళకు లేని పట్టింపు ఈయనకెందుకు?

అసలు ఈ బొమ్మలంటే మర్యాద ఎక్కడ పోయిందో మా నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగకు వెళితే తెలుస్తుంది. స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె అని జనం కన్నీళ్ళతో మార్చుకుంటుంటారు. దారి పొడవునా మాత్రం నాయకుల ఫ్లెక్సీలు. వాళ్ళ ముఖాలు నిలువెత్తు, బారాషహీద్ దర్గా బొమ్మ మూలన తపాలా బిళ్ళంత. ఆ దర్గాలోని పన్నెండుమంది అమరుల కోసం వచ్చామా, వీళ్ళ దర్శనానికి వచ్చామా? స్వాగతం చెప్పాలంటే మీ ముఖాలే వేసుకోండి, దర్గా బొమ్మ జోలికి రాకండి. పండుగ మర్నాడు బురదలో పడి ఉన్న ఫ్లెక్సీ మీది దర్గా గుమ్మటాన్ని తొక్కుకుంటూ నడవడం మా వల్ల కాదు.