అరువు మాటతో విమానం ఎక్కిస్తారా?

భీమవరం నుంచి కాకినాడ దాకా, అమలాపురం నుంచి తణుకు దాకా మళ్లీ అవే విదేశీ చదువుల కన్సల్టెన్సీల ఫ్లెక్సీలు. ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లిషు పరీక్ష) అక్కర్లేదు, బ్యాక్‌లాగులున్నా ఫర్వాలేదు, ఎస్‌ఓపీ (దరఖాస్తుతో ఇచ్చే ఉద్దేశ లేఖ) మేమే రాస్తాం, వీసా ఇంటర్వ్యూ జవాబులు మేమే ఇస్తాం. ఈ నాలుగు మాటలూ కలిపి చదవండి. వెళ్లే బిడ్డ తన నోటితో, తన చేత్తో చేయాల్సిన పని అందులో ఏమైనా మిగిలిందా? ఎందుకు చదవాలనుకుంటున్నాడో ఇంకొకరు రాస్తారు. అధికారి ముందు ఏం చెప్పాలో ఇంకొకరు బట్టీ పట్టిస్తారు. మొత్తం ప్రయాణం అరువు మాట మీద నడుస్తోంది. ఇది చూస్తూ ఊరుకున్న కాలేజీలనూ, డబ్బు కట్టి మరీ ప్రోత్సహిస్తున్న తల్లిదండ్రులనూ మేము ఈ రోజు నిలదీయదలచాం.

అమెరికా అధికారులే వల పన్ని నడిపిన ఫార్మింగ్టన్ బోగస్ యూనివర్సిటీ వ్యవహారం 2019లోనే చూశాం. 2023 ఆగస్టులో అట్లాంటా, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయాల నుంచే వెనక్కి వచ్చేసిన పిల్లల్లో ఎక్కువమంది మనవాళ్లే. అరువు మాట చెల్లని మొదటి చోటు అదే. ఇమిగ్రేషన్ అధికారి కోర్సు పేరు అడుగుతాడు, ఫీజు ఎవరు కడుతున్నారంటాడు, ఎక్కడ ఉంటావంటాడు. జవాబు తడబడితే పక్క గదిలోకి పంపుతారు. ఫోను తీసి చూసే అధికారం వాళ్లకు ఉంది. కన్సల్టెన్సీతో నడిపిన వాట్సాప్ సంభాషణ అందులోనే ఉంటుంది. వీసా కోసం తెలిసీ అబద్ధం చెప్పినట్టు తేలితే అమెరికా వలస చట్టం ప్రకారం వీసాకు అనర్హత జీవితాంతం వెంటాడుతుంది. ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతాయి. అంటే పొలం కాగితాలో, చెరువు కాగితాలో అక్కడ ఉన్నాయి. ఇంత పెట్టిన ఇల్లు, బిడ్డ నోట సొంత మాట ఉందో లేదో మాత్రం చూసుకోదు.

కన్సల్టెన్సీ లేకపోతే పల్లెటూరి పిల్లలకు దారెవరు చూపుతారని కొందరంటారు. అక్కడికి వెళ్తే భాష అదే వస్తుందని మరికొందరు. దారి చూపడానికి మాకు అభ్యంతరం లేదు. భాష అదే వస్తుందన్నది మాత్రం శుద్ధ అబద్ధం. రెండు పడకగదుల ఫ్లాట్‌లో ఆరుగురు తెలుగు పిల్లలు కలిసి ఉంటారు. వంట వంతులు తెలుగులో, క్లాసులో పక్క కుర్చీ తెలుగు, గ్రూపు ప్రాజెక్టు తెలుగువాళ్లతోనే. ఆ తోడు మంచిదే, జ్వరం వస్తే చారు పెట్టేది వాళ్లే. కానీ ఏడాది గడిచినా ఇంగ్లిషు పెదవి దాటదు.

చిక్కు వ్యాకరణంలో కంటే ఉచ్చారణలో ఎక్కువ. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కాబట్టి ఇంగ్లిషు మాట చివర కూడా ‘ఉ’ చేరుస్తాం. బస్ ‘బస్సు’ అవుతుంది, టెస్ట్ ‘టెస్టు’ అవుతుంది. తెలుగులో ఏదో ఒక అక్షరం మీద ఊనిక వేసి అర్థం మార్చే పద్ధతి లేదు, అన్నీ ఇంచుమించు ఒకే బరువుతో పలుకుతాం. ఇంగ్లిషు చెవి ఆ ఊనికనే వెతుక్కుంటుంది. ‘ఫొటోగ్రాఫ్’లో అది మొదటి అక్షరం మీద పడుతుంది, ‘ఫొటోగ్రఫీ’లో రెండోదాని మీద. అది తప్పితే ఎదుటివాడికి తెలిసిన మాట కూడా తెలియదు. ‘జీరో’లో మొదటి ధ్వని మనకు రాదని అనుకుంటాం. జడ, జల్లెడ అనేటప్పుడు మన కోస్తా నోరు పలికే దంత్య జకారం దానికి దగ్గరి చుట్టమే. నాలుక పూర్తిగా తగలనివ్వకుండా గాలి సాగదీస్తే చాలు. ఈ ముక్క చెప్పే కోచింగ్ సెంటర్ ఎన్ని ఊళ్లలో ఉంది? ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. అందులో ఒక నిమిషం ఆలోచించుకుని రెండు నిమిషాల దాకా ఏకధాటిగా మాట్లాడే భాగం ఉంది. దానికీ వల్లెవేసిన జవాబులే అమ్ముతున్నారు. బట్టీ జవాబును పట్టుకోవడం పరీక్షకుడి శిక్షణలో భాగం.

మన మర్యాదలు కూడా అక్కడ అడ్డం తిరుగుతాయి. ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే ప్రశ్న ఉందని మన ఉద్దేశం, నమ్మకం లేదంటున్నావని వాళ్లకు వినపడుతుంది. అర్థం కాకపోయినా తల ఆడిస్తే ఒప్పుకున్నట్టు లెక్క వేస్తారు. అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టేది ఆ తల ఆడింపుతోనే. మధ్యలో ఖాళీ చేస్తే మిగిలిన నెలల అద్దె ఎవరు కట్టాలో ఆ కాగితంలో ఉంటుంది, సీనియర్ నోట ఉండదు.

ఇక కాలేజీల పాపం. నాలుగేళ్లు ల్యాబ్ రికార్డులు సీనియర్లవి చూసి దించమని మౌనంగా ఒప్పుకున్నది మన ఇంజినీరింగ్ కాలేజీలు. అదీ అరువు మాటే. అక్కడ అసైన్‌మెంటు కాపీని పట్టే సాఫ్ట్‌వేర్‌లో పడుతుంది, ఎక్కడి నుంచి తీశావో చెప్పని పేరా దొరుకుతుంది. సున్నాతో మొదలై విచారణ దాకా, సస్పెన్షన్ దాకా పోతుంది. సస్పెండైన విద్యార్థికి వీసా హోదా నిలవదు. తరగతి మొదటి వారం ఇచ్చే సిలబస్ కాగితంలో మార్కుల పంపకం, ఆలస్యానికి కోత, ప్రొఫెసర్‌ను వెళ్లి కలిసే వేళలు అన్నీ ఉంటాయి. ఆ వేళల్లో ఒక్కసారైనా తలుపు తట్టడానికి సొంత మాట కావాలి.

జర్మనీ వెళ్లేవాళ్లది మరో భ్రమ. కోర్సు ఇంగ్లిషులోనే. కానీ ఇల్లు దొరికిన రెండు వారాల్లో పట్టణ కార్యాలయంలో చిరునామా నమోదు చేయించాలి. ఆ ఫారాలు, వచ్చే ఉత్తరాలు జర్మన్‌లో ఉంటాయి. బ్లాక్డ్ అకౌంట్‌లో (ఖర్చుల డబ్బు ముందే వేసి, నెలనెలా కొంతే తీయగలిగే ఖాతాలో) ఏడాదికి 11,904 యూరోలు వేయిస్తున్న కన్సల్టెన్సీ, ఏ1 స్థాయి (తొలి మెట్టు) జర్మన్ అయినా నేర్చుకుని వెళ్లమని ఎందుకు చెప్పదు?

మన డెల్టాలో రొయ్య పిల్లకిచ్చే జాగ్రత్త కన్నబిడ్డకు లేదు. హేచరీ నుంచి వచ్చిన సీడు సంచుల్ని ఏ రైతూ నేరుగా చెరువులో వంచేయడు. సంచులు నీళ్ల మీద తేలనిస్తాడు, లోపలి వేడి చెరువు వేడికి సర్దుకునేదాకా ఆగుతాడు. తర్వాత కొద్దికొద్దిగా చెరువు నీళ్లు కలుపుతాడు, ఉప్పదనం సరిపోయాక వదులుతాడు. తొందరపడితే సీడు చస్తుందని అతనికి తెలుసు. ఆ రైతే కొడుకు దగ్గరికి వచ్చేసరికి ఎస్‌ఓపీ కొంటాడు.

చేయాల్సింది ఇప్పటికైనా ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు వేర్వేరు గడుల్లో పడ్డాయో లేదో చూడండి. పేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది, బ్యాంకు ఖాతా దగ్గర్నుంచి ప్రతి చోటా అదే తంటా. రోజూ గంట కేటాయించండి: ఇరవై నిమిషాలు తన సబ్జెక్టు లెక్చర్‌ను తెర కింద అక్షరాలు లేకుండా వినడం, విన్నది రెండు నిమిషాలు ఫోనులో రికార్డు చేసి మళ్లీ వినడం, మిగిలిన సమయంలో ఒక పేజీ రాసి ఇంకొకరితో దిద్దించుకోవడం. ఇంటి పేరు అక్షరం అక్షరం ఫోనులో చెప్పడం, డాక్టరు అపాయింట్‌మెంట్ అడగడం, అర్థం కాలేదు మళ్లీ చెప్పండి అనడం కూడా సాధన చేయాల్సిందే. అమెరికా అత్యవసర నంబరు 911కు ఫోను చేయాల్సి వస్తే పక్కన సీనియర్ ఉండకపోవచ్చు. కాలేజీలు ఆఖరి ఏడాది రికార్డులు దించడం ఆపించి, ప్రతి విద్యార్థితో నెలకొకసారైనా తన ప్రాజెక్టు గురించి ఇంగ్లిషులో నిలబెట్టి మాట్లాడించాలి. దీనికి కొత్త జీవో అక్కర్లేదు.

తల్లిదండ్రులారా, ఫీజు కట్టే ముందు కన్సల్టెన్సీ రాసిచ్చిన కాగితం పక్కన పెట్టించి, ఆ కోర్సే ఎందుకో బిడ్డను పది నిమిషాలు ఇంగ్లిషులో చెప్పమనండి. మీకు అర్థం కాకపోతే ఊళ్లో టీచరును పిలవండి. చెప్పలేకపోతే ‘అమెరికా పయనమవుతున్న’ అంటూ వీధి చివర ఫ్లెక్సీ కట్టకండి. ఆగస్టు పోతే జనవరి సెమిస్టరు ఉంది.