డెబ్బైని భాగిస్తే చాలట!

మొన్న ఆదివారం వెంచర్ చూపిస్తామంటే కారెక్కి వెళ్లాను. షామియానా కింద పులిహోర పొట్లం చేతిలో పెట్టి, ఏజెంటు కుర్రాడు బ్రోచర్ వెనక్కి తిప్పి లెక్క మొదలెట్టాడు. "భూమి పెరగదు సార్, జనం పెరుగుతారు. డెబ్బైని ఏటా పెరిగే శాతంతో భాగించండి. ఎన్నేళ్లలో రెట్టింపవుతారో వచ్చేస్తుంది."

సూత్రం నిఖార్సైనదే. 2001 నుంచి 2011 దాకా దేశ జనాభా 17.7 శాతం పెరిగింది, ఏడాదికి సుమారు 1.64. భాగిస్తే 43 ఏళ్లు. 2011లో 121 కోట్లు కనక 2054కి 242 కోట్లు, 2097కి 484 కోట్లు. వాళ్లంతా నా ప్లాటు కోసం క్యూ కడతారని తలుచుకుంటే అడ్వాన్సు ఇచ్చేయాలనిపించింది. (2021 జనగణన జరగలేదు కాబట్టి 2011 అంకెలే గతి. అదీ మంచిదే, పాత అంకెలు ఎదురు చెప్పవు.)

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంత గొప్ప సూత్రాన్ని వెనక్కి నడిపితే? ప్రతి 43 ఏళ్లకూ సగం చేసుకుంటూ పోయాను. 1022 వచ్చేసరికి దేశం మొత్తమ్మీద మిగిలింది 144 మంది. రాజరాజ నరేంద్రుడు గద్దెనెక్కింది సరిగ్గా ఆ ఏడే! పురోహితులు, పల్లకీ మోసేవాళ్లు, అటు తంజావూరు చోళులు, అందరూ ఆ 144లోనే సర్దుకోవాలి. నన్నయ పద్దెనిమిది అక్షౌహిణులను ఎవర్ని చూసి ఊహించాడో పాపం. ఇంకా వెనక్కెళ్తే 721లో ఒక్కడే. అప్పటికే వేంగిని తూర్పు చాళుక్యులు దాదాపు వందేళ్లుగా ఏలుతున్నారు. ఆ ఒక్కడూ రాజో ప్రజో తేల్చుకోలేకపోయాను.

తేడా ఎక్కడ కొట్టిందంటే, శాతం మన మాట విని ఒకచోట కూర్చోదు. 1961-71లో 24.8 శాతం పెరిగిన దేశమే 17.7కి దిగింది. ఆంధ్రాలో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. తరానికి తరం సరిపోవాలంటే 2.1 కావాలి. ముగ్గురు పిల్లలుంటే సర్పంచి పోటీకి పనికిరారన్న ప్రభుత్వమే 2024లో ఆ నిబంధన ఎత్తేసింది. రేపు శాతం సున్నాకి దిగితే డెబ్బైని సున్నాతో భాగించాలి. బ్రోచర్ వెనక అంత చోటు లేదు.

మర్నాడు ఏజెంటు ఫోన్ చేస్తే 1022 సంగతంతా విడమరిచి చెప్పాను. కాసేపు అవతల చప్పుడు లేదు.

"144 మందేనా సార్! మరి అప్పుడు గజం ఎంతుండేది?"