పెన్షన్ కాగితాల మీద సంతకం పెడితే ఫైల్ మూసేస్తారని ఎవరు చెప్పారు మీకు?

మళ్ళీ వచ్చింది అదే మెసేజ్. ఈసారి బ్రాడీపేట నుంచి ఒకన్నయ్య పంపాడు, అంతకు ముందు పటమట నుంచి మా పిన్ని, ఇంకా ముందు మా సంఘంలో ఉన్న ఒకావిడ తోడికోడలు. "గల్లంతైన జవాన్ల కుటుంబాలకు హెచ్చరిక" అని పైన, కింద అయిదు పాయింట్లు, ఆఖర్న దేశభక్తి ఉంటే పదిమందికి పంపండి అని. పంపుతున్నోళ్ళు చెడ్డోళ్ళు కాదు, అందరూ నాకు బాగా కావాల్సినవాళ్ళే, అందుకే ఇంకా కోపం వస్తోంది. ఇలాంటి కుటుంబాల కోసం వాలంటీర్లతో విజయవాడలో ఒక చిన్న సంఘం నడుపుతున్నాను, నేను ఊరుకుంటే అందులో రాసింది నిజమని ఒప్పుకున్నట్టే అవుతుంది.

అమెరికాలో అయితే గవర్నమెంటే అందర్నీ వెతికి తెస్తుంది, అక్కడ ఇలాంటి సంఘాలే ఉండవు, అని మొదటి పాయింట్. అసలు ఈ సంఘాలకి పుట్టిల్లే అక్కడ కదా. వియత్నాం యుద్ధంలో 1965లో పట్టుబడిన నేవీ పైలట్ జేమ్స్ స్టాక్‌డేల్ భార్య సిబిల్ స్టాక్‌డేల్, మిగతా పైలట్ల భార్యల్ని పోగేసి మొదలుపెట్టింది. అప్పట్లో వాళ్ళ గవర్నమెంట్ కుటుంబాలకి చెప్పిన మాట ఒక్కటే, బయట మాట్లాడొద్దు అని. ఈ ఆడవాళ్ళు ఆ మాట వినలేదు కాబట్టే 1970కల్లా అది నేషనల్ లీగ్ ఆఫ్ ఫ్యామిలీస్ అయింది, గల్లంతైనవాళ్ళ గుర్తుగా ఎగరేసే వాళ్ళ నల్ల జెండా కూడా మేరీ హాఫ్ అనే ఇంకో పైలట్ భార్య పట్టుబట్టడం వల్ల వచ్చిందే. ఇన్నేళ్ళు వెంటపడ్డాక కూడా వియత్నాం లెక్కలో 1,500 మందికి పైగా ఇంకా తేలలేదు. గవర్నమెంట్ దానంతటది వెతకలేదండీ, భార్యలూ తల్లులూ వెతికించారు.

ఫోన్ రింగ్ అవుతోందంటే మనిషి బతికున్నట్టే అంట. కాదు. నంబర్ ఇంకొకరికి ఇచ్చేసినా రింగ్ అవుతుంది, కాల్ ఫార్వర్డింగ్‌లో ఉన్నా అవుతుంది. దీనిమీద ఇంతకంటే మాట్లాడను.

1971 యుద్ధంలో గల్లంతైన 54 మంది ఇప్పటికీ పాకిస్తాన్ జైళ్ళలో బతికే ఉన్నారు, లిస్టు దాచేశారు, అని మూడోది. లిస్టు ఎవరూ దాచలేదు, 1979లో లోక్‌సభలోనే 40 పేర్లు చెప్పారు. మనం 93,000 మంది ఖైదీల్ని వెనక్కి పంపి మనవాళ్ళ సంగతి తేల్చుకోలేదన్న బాధ ఆ కుటుంబాలకి ఈరోజుకీ ఉంది, అది న్యాయమైన బాధ. వాళ్ళలో కొందరు 1983లో ఒకసారి, 2007లో ఇంకోసారి పాకిస్తాన్ జైళ్ళ దాకా వెళ్ళి తమవాళ్ళు కనపడకుండానే తిరిగొచ్చారు. అంత దూరం వెళ్ళినవాళ్ళే తేల్చలేని సంగతిని ఇక్కడ కూర్చుని "బతికే ఉన్నారు" అని రాసేయడానికి చేతులెలా వచ్చాయి?

ఇప్పుడు నాలుగోది, నేనివన్నీ టైప్ చేస్తున్నదే దీనికోసం. "ఏడేళ్ళ దాకా పెన్షన్ కాగితాల మీద సంతకం పెట్టొద్దు, పెడితే ఫైల్ క్లోజ్ చేసి వెతకడం ఆపేస్తారు." ఈ ఒక్క లైను చదివి బాపట్ల వైపు ఒక అమ్మాయి, ఇద్దరు చిన్నపిల్లలు, కాగితాలు నింపి కూడా బీరువాలో పెట్టేసింది, పైగా అత్తగారు సంతకం పెడితే నా కొడుకుని నువ్వే చంపినట్టు అనేసరికి ఇక ఆ ఊసే ఎత్తట్లేదు. ఇంట్లో ఖర్చులకి పుట్టింటి వాళ్ళ మీద ఆధారపడి బతుకుతోంది.

ఏడేళ్ళ రూలు కోర్టుల్లో చనిపోయినట్టు భావించడానికి, ఫ్యామిలీ పెన్షన్‌కి కాదు. మనిషి కనపడట్లేదని ఎఫ్ఐఆర్ పెట్టి, వెతికాం దొరకలేదని పోలీసులు రిపోర్ట్ ఇస్తే, ఎఫ్ఐఆర్ తేదీ నుంచి ఆరు నెలలకే అడగొచ్చు. దాంతోపాటు ఒక ఇండెమ్నిటీ బాండ్ రాయించుకుంటారు, అందులో ఏముంటుందో ఆ మెసేజ్ రాసినాయన ఒక్కసారైనా చదివాడా? రేపు ఆ గల్లంతైన మనిషి తిరిగొస్తే ఇప్పుడు ఇచ్చిన డబ్బు ఆయనకి రావాల్సిన దాంట్లో సర్దుకుంటాం అని ఉంటుంది. అంటే తిరిగి రావచ్చని గవర్నమెంటే కాగితం మీద రాయించుకుంటోంది. అత్తగారికి చూపించాల్సింది ఆ కాగితం, ఈ ఫార్వార్డ్ కాదు.

వెతకడం ఆపేస్తారన్నది కూడా అబద్ధమే. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ బయల్దేరిన ఏఎన్-32 విమానం 29 మందితో గల్లంతైంది, అందులో ఎనిమిది మంది మన విశాఖలో నేవీ ఆయుధ డిపో (ఎన్ఏడీ) ఉద్యోగులు. చనిపోయినట్టే భావిస్తున్నామని సెప్టెంబర్‌లోనే ఇళ్ళకి లెటర్లు వచ్చాయి, అయినా 2024 జనవరిలో చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతులో దాని శకలాలు దొరికాయి. రోహ్‌తాంగ్ దగ్గర 1968లో 102 మందితో కూలిపోయిన ఏఎన్-12 సంగతి చూడండి, 2024 సెప్టెంబర్‌లో కూడా ఆ మంచులోంచి నాలుగు భౌతికకాయాలు కిందికి తెచ్చారు, యాభై ఆరేళ్ళ తర్వాత.

ఇంకో సంగతి, ఇది అసలు ఎవరూ చెప్పరు. సెలవుకొచ్చి తిరిగి డ్యూటీకి వెళ్తూ రైల్లో కనపడకుండా పోయిన జవాన్లు ఉంటారు, ఇంట్లోవాళ్ళు ఎఫ్ఐఆర్ కూడా పెట్టకుండా కూర్చుంటే యూనిట్‌కి మాత్రం ఆ మనిషి రాలేదనే తెలుస్తుంది. ముప్పై రోజులు దాటితే కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ, అంటే సైన్యం లోపలి విచారణ, వేస్తారు, సరైన కారణం కనపడకపోతే డిజర్టర్ అని, పారిపోయినవాడని రికార్డులో పడుతుంది. కాగితం పెట్టకపోతే ఆయన్ని కాపాడుకుంటున్నామని మీరనుకుంటున్నారు, కానీ ఆయన మీద ఆ ముద్ర పడటానికి దారి వదిలేస్తున్నారు.

అయిదోది, ఈ సంఘాలు ఉత్త ఆశలు పెట్టి కుటుంబాల్ని బతకనివ్వవు అని. దీంట్లో మాత్రం నిజం ఉంది, ఒప్పుకుంటాను. స్టేజీ మీద తల్లి చెయ్యి పట్టుకుని "మీ అబ్బాయి ఉన్నాడమ్మా, తెస్తాం" అని చెప్పే పెద్దమనుషుల్ని చూశాను, సంఘాలు నడిపేవాళ్ళలోనే చూశాను. తెలియని మాట తల్లికి చెప్పడం పాపం. మా వాలంటీర్లు ఎవరూ ఆ మాట అనకూడదని నేను గట్టిగా చెప్తాను, తెలిసింది చెప్పండి, తెలియనిది తెలియదనండి, ఆఫీసుకి తోడు వెళ్ళండి అని. కానీ ఆశ పెట్టొద్దని నీతి చెప్పిన ఈ మెసేజే పైన ఫోన్ రింగ్ అయితే బతికున్నట్టే అని రాసింది, జైళ్ళలో బతికే ఉన్నారని రాసింది.

మీకు తెలిసినవాళ్ళెవరైనా ఈ పరిస్థితిలో ఉంటే ఎఫ్ఐఆర్ కాపీ, రైల్లో పోతే రైల్వే పోలీస్ స్టేషన్‌లో పెట్టింది, యూనిట్‌కి రాసిన లెటర్, పెళ్ళి సర్టిఫికెట్, పిల్లల ఆధార్, అన్నీ రెండేసి జిరాక్సులు తీయించి జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసుకి తీసుకెళ్ళమనండి. ఇచ్చిన ప్రతి కాగితం మీద తేదీతో అందినట్టు స్టాంపు వేయించుకోమనండి. ఒంటరిగా వెళ్ళడానికి భయపడితే మాకు చెప్పండి, ఎవరో ఒకరం తోడు వస్తాం.