వద్దన్నా వడ్డిస్తారు

అమెరికా రక్షణ బడ్జెట్ మాట ఎత్తితే చాలు, అందరూ అక్కడి సైన్యాన్నే ఆడిపోసుకుంటారు. జనరళ్లకు ఆశ ఎక్కువట, రక్షణ శాఖ కొలువుండే పెంటగాన్‌కు ఎంత పోసినా చాలదట. పాపం, ఇంతకంటే అన్యాయమైన నింద ఇంకోటి లేదు. అడగకపోయినా పెట్టే చల్లని చేతులు వాషింగ్టన్‌లో కొన్ని వందలున్నాయి. వాటి పేరు కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు.

2012లో అప్పటి సైనిక దళాధిపతి రే ఒడియర్నో సభ్యుల ముందుకొచ్చి ఒక అనకూడని మాట అన్నారు: మాకు ఇంక ట్యాంకులు అక్కర్లేదు. ఉన్న అబ్రామ్స్ ట్యాంకుల సగటు వయసు రెండున్నరేళ్లే. వాటికి మెరుగులు దిద్దే పని కొన్నేళ్లు ఆపితే సుమారు 300 కోట్ల డాలర్లు మిగులుతాయని సైన్యం లెక్క.

మన పెళ్లి బంతిలో విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి "బాబాయ్, ఇక చాలు" అన్నవాడి గతి ఏమవుతుందో తెలుసుగా. వేళ్ల సందుల్లోంచైనా నెయ్యి పడాల్సిందే. ఒడియర్నో గారికీ అదే జరిగింది. పొద్దున లేస్తే ఒకరి మీద ఒకరు దుమ్మెత్తిపోసుకునే రిపబ్లికన్లు, డెమోక్రాట్లు 173 మంది కలిసి ఒకే ఉత్తరం మీద సంతకాలు పెట్టి రక్షణ మంత్రికి పంపారు. ట్యాంకుల పని ఆగకూడదన్నారు. అప్పటికే రెండు వేలకు పైగా ట్యాంకులు కాలిఫోర్నియాలోని సియెరా డిపోలో వరసగా నిలబడి ఎండకు ఎండుతున్నాయి. అయినా సరే, 2013లో సైన్యం వద్దన్న పనికే మరో 43.6 కోట్ల డాలర్లు విదిల్చడానికి సిద్ధపడ్డారు.

ఆ ట్యాంకుల కర్మాగారం ఉన్నది ఒహాయో రాష్ట్రంలోని లైమా ఊళ్లో. ఆ రోజుల్లో ఒహాయో ఎటు మొగ్గితే శ్వేతసౌధం అటు. ఈ రెండు విషయాలకూ సంబంధం ఉందని అనుకునేవాళ్లవి పాడు బుద్ధులు. సర్కారు ఖర్చు అంటేనే ఒంటికాలి మీద లేచే రిపబ్లికన్ సభ్యుడు జిమ్ జోర్డాన్, ఆయనదీ ఒహాయోనే, ఈ ఒక్క ఖర్చును మాత్రం దేశ రక్షణ కింద వెనకేసుకొచ్చారు. ఫ్యాక్టరీ మూసి మళ్లీ తెరవడం ఇంకా ఖరీదు, చేయి తిరిగిన వెల్డర్లు చెల్లాచెదురైపోతారు అన్న వాదన కూడా ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. మరి అదే ప్రేమ మూతపడ్డ బట్టల మిల్లుల్లో పనిచేసినవాళ్ల మీద ఎందుకు లేదని అడగడం మాత్రం మర్యాద కాదు.

ఇక సబ్బు సంగతి. అమెరికా వైమానిక దళం వాడే సీ-17 రవాణా విమానం బాత్రూంలో చేతులు కడుక్కోవడానికి సబ్బు డిస్పెన్సర్ ఉంటుంది. దానికి మార్కెట్ ధర కంటే 80 రెట్లకు పైగా చెల్లించారని 2024 అక్టోబరులో రక్షణ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ తేల్చారు. ఆ ఒక్క సామాను మీదే 1,49,072 డాలర్లు ఎక్కువ పోయాయి. సైనిక ప్రమాణాలతో చేసినదాన్ని బజారు సరుకుతో పోల్చకూడదని ఆ విమానం చేసిన బోయింగ్ కంపెనీ జవాబు. నేనూ ఒప్పుకుంటాను. ఇంత పెద్ద లెక్కల నుంచి చేతులు కడుక్కోవాలంటే ఆ మాత్రం సబ్బు ఉండాలి.

లెక్కలంటే గుర్తొచ్చింది. పెంటగాన్ మొత్తానికి తొలిసారి పూర్తి ఆడిట్ జరిగింది 2018లో. ఫెయిలయ్యారు. "పాసవుతామని మేం ఎప్పుడూ అనుకోలేదు" అని అప్పటి ఉప రక్షణ మంత్రి ప్యాట్రిక్ షనహాన్ టెన్షన్ లేకుండా చెప్పేశారు. ఆ తర్వాత కూడా ఏటా తప్పుతూనే ఉన్నారు, 2025తో ఎనిమిది సార్లు. 4 లక్షల కోట్ల డాలర్లు దాటిన ఆస్తులకు సరైన లెక్క 2028 నాటికి చూపిస్తామంటున్నారు. తొందరపెట్టకండి. లెక్కల కంటే ముందు చేయాల్సిన పనులుంటాయి కదా. 2025 సెప్టెంబరులో రక్షణ శాఖను యుద్ధ శాఖ అని కూడా పిలవాలని అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చారు. బోర్డు మార్చడానికి ఆడిట్ అక్కర్లేదు.

పొదుపు చేయడం లేదని మాత్రం అనకండి. 2011లో ఖర్చుకు చట్టంతో గట్టి పరిమితి పెట్టారు. యుద్ధాల ఖాతా ఆ పరిమితిలోకి రాదని అదే చట్టంలో రాసుకున్నారు, దాంతో మామూలు ఖర్చులు కూడా మెల్లగా ఆ ఖాతాలోకి చేరాయి. 2025లో ఇంకా కఠినంగా వ్యవహరించారు. మొత్తం బడ్జెట్‌లో ఒక శాతం అటూ ఇటూ ఉండే విదేశీ సాయం మీద పడి, దాన్ని పంచే యూఎస్ ఎయిడ్ సంస్థను మూసేశారు. జులైలో పేదల వైద్యం, ఆహార సాయం కోసే చట్టంలోనే రక్షణకు సుమారు 15,000 కోట్ల డాలర్లు అదనంగా చేర్చారు. డిసెంబరులో వచ్చిన రక్షణ చట్టంలో ట్రంప్ అడిగినదానికంటే సుమారు 800 కోట్ల డాలర్లు ఎక్కువే రాసిచ్చారు. ట్రంప్ అంతటివాడికి కూడా విస్తరి మీద చేతులు అడ్డం పెట్టడం చేతకాలేదు.

ఇదంతా చదివి నేను ఖర్చు తగ్గించాలనే పక్షమని అనుకునేరు. అమెరికా సైన్యం వాడే అపాచీ యుద్ధ హెలికాప్టర్ల బాడీలు తయారయ్యేది హైదరాబాద్ శివారు ఆదిబట్లలో, టాటా, బోయింగ్ కలిసి పెట్టిన ఫ్యాక్టరీలో. కాబట్టి మాకిక అపాచీలు చాలు అని రేపెవరైనా అమెరికా జనరల్ నోరు జారితే, ఆ 173 సంతకాల కింద 174వది నాది. ఓటు లేకపోతేనేం, పెన్నుందిగా.