సర్పంచ్ గారి ఫోన్ ఎవరి దగ్గరుంది?

సొంతూళ్లో వాటర్ ప్లాంట్ పెట్టించాలన్నా, బడికి బెంచీలు కొనివ్వాలన్నా విదేశంలో ఉంటున్న మనలో ఎవరైనా ముందు కనుక్కునేది సర్పంచ్ నంబరే. మహిళా సర్పంచ్ ఉన్న ఊరైతే చేతికొచ్చేది చాలాసార్లు ఆమె భర్త నంబరు. "చెప్పండన్నా, అన్నీ నేనే చూసుకుంటా" అంటాడు. స్థలం, కరెంటు కనెక్షన్, ప్రారంభోత్సవం తేదీ అన్నీ ఆయనతోనే తేలిపోతాయి. ఫ్లెక్సీలో ఆమె పక్కన ఆయన ఫొటో, కాస్త పెద్దదే, ఉంటుంది. శాలువా కూడా ఆయనకే కప్పి వస్తాం. తీరా ఇక్కడికొచ్చాక, వీకెండ్ భోజనాల దగ్గర, "రిజర్వేషన్లు ఇచ్చి ఏం లాభం, పెత్తనమంతా మొగుళ్లదేగా" అని పెదవి విరిచేదీ మనమే.

ఆ మాట అబద్ధమేం కాదు. 2025 మార్చిలో ఛత్తీస్‌గఢ్ కబీర్‌ధామ్ జిల్లాలోని పరస్వారా గ్రామంలో, గెలిచిన ఆరుగురు మహిళా వార్డు సభ్యుల బదులు వాళ్ల భర్తలే ప్రమాణ స్వీకారం చేసేశారు. వీడియో బయటికొచ్చి గొడవయ్యాక పంచాయతీ కార్యదర్శిని సస్పెండ్ చేశారు. చూడండి, సస్పెండ్ అయింది కార్యదర్శి. మొగుడు ఒంటరిగా సర్పంచ్ అయిపోలేడు. ఆయనకే ఫోన్ చేసే ఆఫీసరు, ఆయనతోనే లెక్కలు మాట్లాడే కాంట్రాక్టరు, శాలువా కప్పే మనం, అందరం తలో చెయ్యి వేస్తేనే అది సాగుతుంది.

అయినా కోటా దండగ అంటే నేనొప్పుకోను. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి పంచాయతీల్లో కనీసం మూడోవంతు సీట్లు మహిళలకు ఇచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో ఇప్పుడది సగం. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీలను పరిశీలించి పరిశోధకులు రాఘవేంద్ర చటోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో 2004లో ప్రచురించిన అధ్యయనంలో, మహిళలకు రిజర్వయిన చోట తాగునీటి మీద ఎక్కువ ఖర్చు పెట్టారని తేలింది. బిందె మోసేదెవరో తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. నన్ను ఆపి ఆలోచింపజేసింది బెంగాల్ మీదే తర్వాత వచ్చిన ఇంకో పరిశోధన. వరసగా రెండు ఎన్నికల్లో ప్రధాన్ (అక్కడి సర్పంచ్) పదవి మహిళకే రిజర్వయిన ఊళ్లలో, ఆ తర్వాత రిజర్వేషన్ లేని సీట్లలో కూడా ఆడవాళ్లు ఎక్కువగా నిలబడ్డారు, గెలిచారు. ఒక్క దఫా సరిపోలేదు, రెండు పట్టింది.

అసలు చిక్కంతా అక్కడే ఉంది. రొటేషన్ పేరుతో మహిళలకు రిజర్వయిన సీటు మారిపోతుంటుంది. ఏ ఫైలు ఎవరి దగ్గర ఆగుతుందో, గ్రామసభలో ఎదురుతిరిగేవాడికి ఏం చెప్పాలో ఆమెకు పట్టుబడేసరికి ఐదేళ్లూ అయిపోతాయి. "ఈసారి జనరల్ అయింది కదమ్మా, మీ ఆయన్ని నిలబెడదాం" అంటారు. ఆమె ఇంటికి, అనుభవం గాలికి!

మరి ఢిల్లీలో? లోక్‌సభ, అసెంబ్లీల్లో మహిళలకు మూడోవంతు సీట్లిచ్చే మొదటి బిల్లు 1996లో పెట్టారు. 2023 సెప్టెంబరులో లోక్‌సభలో 454 మంది ఔనని, ఇద్దరు కాదని చివరికి 106వ సవరణ గట్టెక్కింది. కానీ జనగణన, ఆపైన నియోజకవర్గాల పునర్విభజన అయితేనే అమలంటూ మెలిక పెట్టారు. దాంతో 2024 ఎన్నికలు పాత పద్ధతిలోనే జరిగి, 543 మందిలో 74 మంది మహిళలు గెలిచారు. తెలంగాణ అసెంబ్లీకి 2023 ఎన్నికల్లో 119 మందిలో గెలిచింది పదిమంది. ఊళ్లల్లో వేలమంది మహిళా సర్పంచ్‌లుగా చేసిన రాష్ట్రంలో ఎమ్మెల్యే టికెట్‌కు పార్టీలకు ఆడవాళ్లు దొరకలేదంటే ఎలా నమ్మడం?

ఆ చట్టంలో ఎక్కువమంది పట్టించుకోని సంగతి ఒకటుంది. అందులో రిజర్వుడు సీట్లు మారేది ప్రతి ఎన్నికకూ కాదు, తర్వాతి పునర్విభజన జరిగినప్పుడే. అంటే రేపు రిజర్వేషన్‌లో గెలిచే ఎంపీకి రెండోసారీ అదే సీటులో నిలబడే వీలుంటుంది. పల్లెలో సర్పంచ్‌కు ఆ వెసులుబాటు ఎందుకు ఉండకూడదు? రెండు దఫాలకోసారి మార్చినా రొటేషన్ ఆగదు కదా.

అది అక్కడి ప్రభుత్వాలు తేల్చాల్సింది. మన చేతిలో ఉన్నది మన సంఘం ఊళ్లకు పంపే డబ్బు. ప్రాజెక్టు దరఖాస్తులో సర్పంచ్ సొంత నంబరు అడుగుదాం. డబ్బు పంపేముందు ఆమెతోనే వీడియో కాల్‌లో మాట్లాడదాం. "ఆవిడకు ఇవన్నీ తెలీవండీ" అని ఆయన అంటే, ఫర్వాలేదు, తీరిగ్గా చెప్తాం, ఆమెకే ఫోనివ్వమందాం.