మా బావగారి గటక విస్ఫోటనం

ధర్మాబాదు మిరప మార్కెట్టులో ఎంత ఘాటుకైనా దగ్గని మనిషిగా పేరున్న మా బావగారు, జావా ద్వీపంలోని బ్రోమో అగ్నిపర్వతం అంచున నిలబడి, గంధకం వాసనకు కళ్లనీళ్లు పెట్టుకొని మరీ దగ్గి తిరిగి వచ్చారు. దానికి ఆయన పెద్దగా బాధపడలేదు. జీపులో ఇసుక మైదానం దాటి, గుర్రమెక్కి, ఆపైన రెండు వందల యాభై దాకా మెట్లెక్కి, 2,329 మీటర్ల ఎత్తున్న ఆ కొండ బిలంలోకి తొంగిచూస్తే తెల్లటి ఆవిరి తప్ప నిప్పన్నది కనిపించలేదని మాత్రం చాలా బాధపడ్డారు.

నిప్పు కనిపించకపోవడానికి ఆయన దగ్గర ఒక కారణం ఉంది. ఆయన వెళ్లింది కసడ పండుగ రోజుల్లో. ఆ చుట్టుపక్కల నివసించే తెంగర్ హిందువులు ఆ పండుగకు బియ్యం, కూరగాయలు, కోళ్లు తెచ్చి బిలంలోకి విసిరి దేవుడికి సమర్పిస్తారు. బిలం లోపలి వాలు మీద మరికొందరు పొడవాటి కర్రలకు వలలు కట్టుకొని నిలబడి, పైనుంచి పడేవాటిని మధ్యలోనే పట్టుకుంటారు. బావగారు గోత్రనామాలు చెప్పుకొని భక్తితో విసిరిన కొబ్బరికాయ అలాగే ఒక కుర్రవాడి వలలో పడింది. "నైవేద్యం అందితే కదా దేవుడు కదిలేది?" అన్నది ఆయన వాదన.

ఆ నిరాశను గమనించిన గైడు, దారి పొడవునా పేలుళ్ల శాస్త్రమంతా బోధించి పంపాడు. దానితో మా బావగారు పండితులై ఊరికి చేరారు. మిర్చి క్వింటాలు ధర అడిగిన పాపానికి నాందేడు వ్యాపారులు క్రకటోవా అగ్నిపర్వతం కథ వినవలసి వచ్చేది. 1883 ఆగస్టు 27న అది పేలిన మోత 4,800 కిలోమీటర్ల దూరంలోని రోడ్రిగ్స్ దీవిలో ఫిరంగులు కాల్చినట్లు వినిపించిందని చెప్పి, ఆ దూరాన్ని ధర్మాబాదు నుంచి లెక్కగట్టి చూపడం పూర్తయ్యేసరికి, వచ్చినవాడు పక్క దుకాణంలో బేరం కుదుర్చుకొని ఉండేవాడు.

ఇటువంటి రోజుల్లో, పెద్దమ్మాయి నిశ్చితార్థం మాట్లాడుకోవడానికి నిజామాబాదు నుంచి కాబోయే వియ్యాలవారు వచ్చారు. వియ్యంకుడుగారికి జొన్న గటక, పచ్చిపులుసు అంటే ప్రాణమని ముందే కబురు అందడంతో అక్క పొయ్యి మీద పెద్ద గిన్నెతో గటక పెట్టింది. గంజి పెట్టిన తెల్ల లాల్చీలో వచ్చిన ఆ పెద్దమనిషి, కట్నకానుకల మాట ఎత్తడానికి మొహమాటపడి, ఏదో ఒకటి మాట్లాడాలి గనుక, "అసలు కొండ ఎందుకు పేలుతుంది బావగారూ?" అని అడిగారు. అడగకుండా ఉండవలసింది.

కుర్చీలన్నీ వంటింటి గడప దగ్గరికి మారాయి.

బావగారు గరిటె చేతబట్టుకొని చెప్పసాగారు. భూమి లోతుల్లోని శిలాద్రవంలో నీటి ఆవిరి, ఇతర వాయువులు కరిగి ఉంటాయి. పైనున్న బరువు వాటిని బయటికి రానివ్వదు. ద్రవం పైకి వచ్చేకొద్దీ ఆ ఒత్తిడి తగ్గి, వాయువులు బుడగలు కడతాయి. ఇక్కడినుంచి కథంతా ఆ ద్రవం చిక్కదనం మీద ఆధారపడి ఉంటుంది. అంబలిలా పల్చగా ఉంటే బుడగలు తేలిగ్గా పైకి వచ్చి పగిలిపోతాయి, హవాయి దీవుల్లో మాదిరిగా లావా ప్రవాహంగా సాగిపోతుంది. సిలికా ఎక్కువై గటకలా చిక్కబడితే బుడగలకు దారి దొరకదు, లోలోపల ఒత్తిడి పెరిగి పెరిగి ఒక్కసారిగా బద్దలవుతుంది. ఆకాశానికి ఎగిరే ఆ బూడిద కూడా కట్టెల బూడిద వంటిది కాదు, పొడిపొడి అయిన రాయి, గాజు ముక్కలు. ఇంతవరకు చెప్పి ఊరుకుంటే అందరమూ వేళకు భోజనం చేసి ఉండేవాళ్లం. కానీ, బిలం నోట్లో పాత లావా గడ్డకట్టి బిరడాలా బిగుసుకుంటే ఏమవుతుందో కూడా చూపాలని ఆయనకు బుద్ధి పుట్టింది. గిన్నె మీద మూత పెట్టి, ఆ మూత మీద అక్క పచ్చళ్లు నూరే నల్లరాతి పొత్రాన్ని ఎత్తి పెట్టారు. పొత్రం కూడా లావాయేనని, 6.6 కోట్ల సంవత్సరాల క్రితం దక్కను పీఠభూమి మీద నేల పగుళ్లలోంచి పొరలు పొరలుగా పొంగి గడ్డకట్టిన బసాల్టు రాయేనని, నాందేడు వైపు పోయేకొద్దీ కాళ్ల కింద ఉండేదంతా అదేనని వివరించారు. ఆ మాట నిజమే గాని, అప్పుడు చూడవలసింది మూత కింద ఉన్నదాన్ని.

చూసింది ఒక్క చిన్నమ్మాయే. ఇండోనేసియాలో అగ్నిపర్వతాలకు నార్మల్, వస్పాద, సియాగ, అవాస్ అని నాలుగు హెచ్చరిక స్థాయిలు ఉంటాయని తండ్రి నేర్పగా ఆ పిల్ల శ్రద్ధగా నేర్చుకొంది. మూత సన్నగా అదరడం మొదలుకాగానే "పప్పా, వస్పాద!" అంది. బావగారి కథ అప్పుడు 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో అగ్నిపర్వతం దగ్గర ఉంది. పేలుడుకు ముందు భూమి అదే విధంగా చిన్నచిన్నగా కంపించిందని, సల్ఫర్ డయాక్సైడు పెరిగిందని, ఆ గుర్తులను శాస్త్రవేత్తలు పట్టుకున్నారని చెబుతున్నారు. అంచుల వెంట ఆవిరి చిమ్మి, మాడు వాసన కూడా తగిలేసరికి పిల్ల "సియాగ!" అని అరిచింది. వియ్యపురాలు తులసికోట చూసి వస్తానని లేచారు. అక్క మాట్లాడకుండా వచ్చి పాయసం గిన్నెను పక్కగదికి చేరవేసింది. పెద్దలు మాట్లాడుతుండగా మధ్యలో లేవడం మర్యాద కాదు గనుక వియ్యంకుడుగారు ఒక్కరే కదలలేదు. "జూన్ 15న అది పేలేనాటికి వేలమందిని ముందే ఖాళీ చేయించబట్టి ఎన్నో ప్రాణాలు దక్కాయి. గుర్తులు కనిపించినప్పుడు వినే చెవి ఉండాలి బావగారూ!" అని బావగారు గరిటె ఎత్తి చెబుతుండగా "అవాస్!" అన్న కేక, ఆ వెంటనే మూత ఎగిరిన చప్పుడు వినిపించాయి.

6.6 కోట్ల సంవత్సరాలుగా బుద్ధిగా పడి ఉన్న రాయి మా అక్క వంటింట్లో మళ్లీ గాలిలోకి లేచి, నీళ్ల బిందె మీద సొట్ట పెట్టి ఆగింది. గటకలో కొంత దూలానికి అంటుకొంది, కొంత గోడ మీద చారలుగా దిగింది, మిగిలినది వియ్యంకుడుగారి భుజం మీద అరచేయంత ముద్దగా నిలిచి పొగలు కక్కసాగింది. గంజి లాల్చీ దళసరిది కావడం వల్ల ఒళ్లు కాలలేదు.

నేను తువ్వాలు తీసుకొని పరిగెత్తబోతే బావగారు చేయి అడ్డం పెట్టారు. "ఆగరా, తుడవకు! బావగారూ, ఆ ముద్దలో సన్నని రంధ్రాలు కనిపిస్తున్నాయా? వాయువు బుడగలు పోయిన జాడలవి. ప్యూమిస్ రాయి అచ్చం అలాగే ఉంటుంది, నీళ్లలో వేస్తే తేలుతుంది కూడా." వియ్యంకుడుగారు మెడ వంచి, ఎంతో వినయంగా తమ భుజాన్ని తామే పరిశీలించి, నిజమేనని ఒప్పుకొన్నారు. ఆ క్షణంలోనే ఈ సంబంధం కుదిరిందని మా అక్క ఇప్పటికీ అంటుంది. అంతటి ఓర్పు ఉన్న ఇంట్లో పిల్ల సుఖపడుతుందని ఆమెకు నమ్మకం కలిగిందట.

బావగారి లాల్చీ తొడుక్కొని, గిన్నెలో మిగిలిన గటకను పచ్చిపులుసుతో తింటూ వియ్యంకుడుగారు పెళ్లి ముహూర్తం దాకా అన్నీ మాట్లాడేశారు. చివరికి బావగారు ఉత్సాహం పట్టలేక, పెళ్లి కాగానే ఇద్దరమూ కలిసి అండమాన్ వెళదామన్నారు. పోర్ట్‌బ్లెయిర్‌కు ఈశాన్యంగా సుమారు 138 కిలోమీటర్ల దూరంలో ఉన్న బారెన్ దీవి దేశంలో ఏకైక సజీవ అగ్నిపర్వతమని, నూట యాభై ఏళ్లకు పైగా నిద్రపోయి 1991లో మళ్లీ లేచిందని, అయితే యాత్రికులను దీవి మీద దిగనివ్వరని, ఓడలోంచి చూసి రావలసిందేనని చెప్పారు.

వియ్యంకుడుగారు చేతిలోని ముద్దను కంచంలోనే ఉంచి, "ఓడలో వంట ఎవరు చేస్తారు?" అని అడిగారు.