'ఎస్ సార్' గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ 'ఎస్ సార్' గారి దివ్య సముఖమునకు,

దుబాయ్ నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమంగా లేను. కారణం మీరే.

మాది ఒక ముప్పై అంతస్తుల భవనం సైటు. ఐదారు దేశాల వాళ్లున్న టీమ్‌కు నన్ను పెద్దను చేశారు. భాషలు ఎన్నున్నా అందరి నోటా వచ్చే ఉమ్మడి మాట ఒక్కటే, అది మీరు. పొద్దున ఆరింటికి, పనికి ముందు జాగ్రత్తలు చెప్పే టూల్‌బాక్స్ టాక్‌లో మీతోనే మొదలు, రాత్రి వాట్సాప్ గ్రూపులో బొటనవేలి బొమ్మ వేసుకుని మళ్లీ మీరే. ఇంత కలుపుగోలు మనిషి దొరికాడని మొదట్లో నేనూ మురిసిపోయాను.

జూలైలో మీరు చేసిన ఉపకారం గుర్తుందా? వేసవిలో ఇక్కడ స్లాబులు రాత్రి పూటే పోస్తాం, కాంక్రీటు నీళ్లలో ఐసు కలిపి మరీ. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించడం నిషేధం కూడా. గురువారం మీటింగులో అడిగాను: "శనివారం రాత్రికి తొమ్మిదో అంతస్తు రెడీయేనా?" బల్ల చుట్టూ నలుగురు. నలుగురూ మిమ్మల్నే పలికారు, ఎవరి యాసలో వాళ్లు. నేను హాయిగా నిద్రపోయాను.

శనివారం రాత్రి పదకొండింటికి పంపు నిలబెట్టాం. గేటు బయట ఆరు ట్రాన్సిట్ మిక్సర్లు పెళ్లి ఊరేగింపులా బారు తీరాయి. పైకెక్కి టార్చి వేసి చూద్దును కదా, బాత్రూం పైపులు దిగాల్సిన చోట స్లాబులో దారి వదిలే గొట్టాలు, అవే స్లీవులు, లేవు. ఇక పోయొచ్చని కన్సల్టెంటు పెట్టాల్సిన సంతకమూ లేదు. ప్లాంటులో కలిపిన కాంక్రీటు ఆయుష్షు రెండు గంటలు, మహా అయితే ఇంకాస్త. ఆరు బళ్లూ వెనక్కి పోయాయి. బిల్లు మాత్రం ముందుకు వచ్చింది.

సోమవారం నలుగురినీ విడివిడిగా పిలిచి విచారించాను. అప్పుడు తెలిసింది, ఒక్కరూ అబద్ధం చెప్పలేదని!

ప్లంబింగ్ చూసే ఈజిప్టు సూపర్‌వైజర్ ఆ రోజు అన్నది 'హాదిర్' అని. అరబ్బీలో ఆ మాట మన హాజరుకు స్వయానా అన్న. ఉర్దూ మీదుగా వచ్చి మన బడి పట్టీలో చేరింది. బళ్లో హాజరు పలికిన ప్రతివాడూ పాఠం విన్నాడా? ఒళ్లు బెంచీ మీదుంది, అంతే. ఆయనా తాను సిద్ధమన్నాడు, స్లీవులు సిద్ధమనలేదు.

షట్టరింగ్ చూసే నేపాలీ తమ్ముడు 'హజూర్' అన్నాడు. నేపాలీలో అది 'చిత్తం' అవుతుంది, కాస్త రాగం తీస్తే 'ఏమన్నారు?' కూడా అవుతుంది. నా హిందీ విని అతను అడిగింది రెండోది, నేను విన్నది మొదటిది. (నా హిందీ అలాంటిది. అతని తప్పేం లేదు.)

పెషావర్ నుంచి వచ్చిన స్టీలు ఫోర్‌మన్ 'హో జాయేగా' అన్నాడు. ఆ వాక్యంలో కర్త కోసం ఎంత వెతికినా దొరకడు. ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు, పండిన మామిడికాయ రాలినట్టు పని దానంతటదే అయిపోతుంది. ఆయన్ని ఏమంటాను? 'అయిపోద్ది సార్' అనే మాట మీద పెరిగి పెద్దయినవాణ్ణి నేను.

అచ్చంగా 'ఎస్ సార్' అన్నది క్వాలిటీ చూసే ఫిలిప్పీన్స్ అమ్మాయి ఒక్కతే. కన్సల్టెంటు సంతకం పెట్టడని ఆమెకు గురువారమే తెలుసు. "మరి చెప్పలేదేం?" అన్నాను. "అందరి ముందు మిమ్మల్ని ఎలా కాదనను సార్? విడిగా అడిగి ఉంటే చెప్పేదాన్ని" అంది. మీరు ఇంత మర్యాదస్తులని నాకు అప్పటిదాకా తెలియదు.

ఈ గొడవ తర్వాత కంపెనీ నన్ను ఒక శిక్షణకు పంపింది. గీర్ట్ హాఫ్‌స్టెడ్ అనే డచ్చి పరిశోధకుడు 1960, 70లలో ఐబీఎం ఉద్యోగుల మీద జరిగిన సర్వేలను పట్టుకుని, ఏ దేశంలో పైవాడంటే ఎంత జంకో అంకెలు వేశాడట. ఫిలిప్పీన్స్‌కు 94, ఇండియాకు 77, బ్రిటన్‌కు 35. బాగానే ఉంది. చివర్లో శిక్షకుడు "అందరికీ అర్థమైందా?" అన్నాడు. గది గదంతా మిమ్మల్ని జపించింది. ఆయన సంతోషంగా లాప్‌టాప్ మూసేశాడు.

అందుకని మిమ్మల్ని నా మీటింగుల నుంచి బహిష్కరించాను. 'అయిందా?' అని అడగడం మానేసి 'ఇంకా ఏం మిగిలింది?' అంటున్నాను. ఈ ప్రశ్నకు 'ఎస్ సార్' అంటే తనకే నవ్వొస్తుంది కదా. నేపాలీ తమ్ముడు ఇప్పుడు నోటితో చెప్పడు. ప్లైవుడ్ మీద ఎర్ర మార్కరుతో స్లీవులు ఎక్కడెక్కడో గీసి చూపిస్తాడు. ఫిలిప్పీన్స్ అమ్మాయిని మీటింగుకు అరగంట ముందే కరక్ చాయ్ దగ్గర కలుస్తాను. ఆ కప్పు పూర్తయ్యేలోగా సైటు గుట్టంతా బయటపడుతుంది. ఈజిప్టు ఆయన 'ఇన్షా అల్లా' అంటే మాత్రం నోరెత్తను. మనం 'దేవుడి దయ' అంటామే, అదే అది. కాకపోతే దేవుడి దయ ఏ తేదీకి అని మెల్లగా అడిగి రాసుకుంటాను.

ఇన్ని చేసినా మీరు వదల్లేదు. మా ప్రాజెక్టు డైరెక్టరు ఇంగ్లండు ఆయన. ఓసారి నా షెడ్యూలు చూసి "ఇంటరెస్టింగ్" అన్నాడు. ఆ పూట ఇంటికి ఫోన్ చేసి మరీ గొప్పలు చెప్పుకున్నాను. అది 'చించి మళ్లీ రాయి' అని డాక్యుమెంట్లు చూసే మలయాళీ ఆయన విడమరిచి చెప్పేసరికి మూడు రోజులయ్యింది. అదే డైరెక్టరు మొన్న పిలిచి, "రంజాన్ అయ్యేలోపు ఇరవయ్యో అంతస్తు అయిపోవాలి, వీలవుతుందా?" అన్నాడు. ఆ నెలంతా ఉపవాసం ఉన్నా లేకున్నా అందరికీ రోజుకు రెండు గంటల పని తగ్గుతుంది. నాకు తెలుసు. లెక్క నా జేబులోనే ఉంది. గదిలో మరో ఇద్దరు ఉన్నారు. నోరు తెరిచాను, మీరు వచ్చారు.

అదే రాత్రి జగిత్యాల నుంచి అమ్మ ఫోను.

"ఈసారన్న బతుకమ్మకు వస్తవా బిడ్డా?"

"చూస్తనే అమ్మా."

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. ఆమె ఏ శిక్షణకూ పోలేదు.

"సరే తియ్. మన దిక్కోళ్లు ఎవలన్న దుబాయ్ వస్తుంటే తొక్కు పంపుత."

ఇట్లు,
తమ విధేయుడు,
తొమ్మిదో అంతస్తు నుంచి